ఐదో చీటీ

మా పెద్దనాయన ఆంథోని ఇప్పుడు చర్చిలో ప్రార్థనలు చదవడు. ఎందుకు మానేశావని ఎవరైనా అడిగితే కళ్లు ఆనడం లేదంటాడు. పచ్చి అబద్ధం. పేపర్లో అట్టడుగున చీమ తలకాయంత అక్షరాల్లో వేసే టెండర్ నోటీసులు కూడా వదలకుండా చదివే మనిషాయన. అసలు కారణం తెలిసినవాళ్లం నలుగురైదుగురం ఉన్నాం, అందులో నేనొకదాన్ని.

నా పేరు మహిమ. ఆయన తమ్ముడి కూతుర్ని. టేకులపల్లి దాటాక అడవి అంచున ఉన్న మా ఊళ్లోనే సబ్‌సెంటర్లో ఏఎన్ఎంగా పని చేస్తున్నాను. అందరూ నర్సమ్మ అంటారు. జరిగిన దాంట్లో తప్పు ఆయనదే ఎక్కువ. నాదీ కొంత ఉంది. ఆ మాట ముందే ఒప్పేసుకుంటే మిగతాది రాయడం నాకు తేలిక.

పెద్దనాయన ముప్పై ఒక్క ఏళ్లు కలప డిపోలో వాచ్‌మన్‌గా చేశాడు. టేకు దుంగల మధ్య ఒక రేకుల గది, ఒక కుక్క, ఒక ట్రాన్సిస్టర్. పలకరించే దిక్కులేక రేడియోతో స్నేహం చేశాడు. ఏ దేశంలో భూమి కదిలినా, ఏ సముద్రంలో పడవ మునిగినా మా ఊళ్లో మొదట తెలిసేది ఆయనకే. పక్క వీధిలో ఎవరింట్లో ఏం జరిగిందో మాత్రం మా పెద్దమ్మ సవరమ్మ చెబితే తప్ప తెలిసేది కాదు.

ఈ లోకం పిచ్చికి ఒక మూలం ఉంది. ఆయనకు పన్నెండేళ్లప్పుడు టైఫాయిడ్ వచ్చి మంచాన పడ్డాడు. అప్పట్లో ఇక్కడ ఇటలీ నుంచి వచ్చిన ఫాదర్ ఉండేవారు. ఆయన సొంత ఊరికి ఉత్తరం రాస్తూ ఈ పిల్లవాడి సంగతి రాశారట. జ్వరం తగ్గిన రెండు నెలలకు ఒక కార్డు వచ్చింది. ఎవరో పదకొండు మంది సంతకాలు చేసి, నీకోసం మా గుడిలో ప్రార్థించాం అని రాశారు. ముక్కూ మొహం తెలియని వాళ్లు తన పేరు పలికారన్న సంగతి ఆ పిల్లవాడి బుర్రలో పాతుకుపోయింది. అప్పు తీర్చే వాడిలాగా జన్మంతా ముక్కూ మొహం తెలియని వాళ్ల కోసమే ప్రార్థించాడు.

ఆదివారం పూజలో ఫాదర్ ప్రసంగం అయ్యాక విశ్వాసుల ప్రార్థన ఉంటుంది. జనంలోంచి ఒకరు లేచి మనవులు చదువుతారు. ఒక్కో మనవి తర్వాత అందరం "ప్రభువా, మా ప్రార్థన ఆలకింపుము" అంటాం. మిగతా ఊళ్లలో పుస్తకంలో అచ్చేసినవి చదువుతారు. మా ఊళ్లో నలభై ఏళ్లుగా పెద్దనాయన సొంతంగా రాసుకొచ్చినవే చదివాడు. చిలీ దేశంలో గని కూలి ముప్పై ముగ్గురు లోపల చిక్కుకుపోతే, వాళ్లు బయటపడేదాకా ప్రతి ఆదివారం చదివాడు. బయటికొచ్చిన రోజు ఊరందరికీ బెల్లం ముక్కలు పంచాడు. ఆయన లేచి నిలబడితే కుర్రాళ్లు "వార్తలు షురూ అయినయ్" అని గుసగుసలాడేవాళ్లు. నవ్వినా సరే, మా పిల్లలకు భూగోళం నేర్పింది బడి కాదు, ఆయనే.

చర్చి తలుపు పక్కన ఒక బిస్కెట్ డబ్బా వేలాడుతుంది. ఎవరికి ఏ కష్టం ఉన్నా చీటీ రాసి అందులో వేయొచ్చు. మా వాళ్లే కాదు, హిందువులూ, తండా వాళ్లూ వేస్తారు. ఆ చీటీలు కూడా ఆయన తన మనవుల్లో కలిపి చదివేవాడు.

రెండు వేల ఇరవై రెండులో కొత్త ఫాదర్ వచ్చారు. మంచివారే. మా ఊరి పూజ కాగానే వాగు దాటి ఇంకో ఊరి పూజకు వెళ్లాలి. "పెద్దాయనా, మీ ప్రార్థనలకే పావుగంట అవుతోంది. నాలుగంటే నాలుగే చదవండి" అని చెప్పారు. పెద్దనాయన మూడు రోజులు మూతి ముడుచుకుని తిరిగి, తర్వాత ఒప్పుకున్నాడు.

ఆ జూలై రెండో శుక్రవారం నుంచే వాన. ఆ వారం లోకమంతా ఒక్కసారే తలకిందులైనట్టు వార్తలు వచ్చాయి. జపాన్‌లో ఎన్నికల ప్రచారంలో మాట్లాడుతున్న మాజీ ప్రధానిని కాల్చి చంపారు. అదే సాయంత్రం అమర్‌నాథ్ యాత్రికుల గుడారాల మీదికి వరద దూకింది. శనివారం శ్రీలంకలో జనం అధ్యక్షుడి భవనంలోకి చొరబడ్డారు. ఉక్రెయిన్ యుద్ధం అయిదో నెలలో ఉంది. పెద్దనాయన శనివారమంతా టీవీ ముందూ పేపర్ల ముందూ కూర్చుని రాస్తూనే ఉన్నాడు.

ఆ రోజు పొద్దున ద్వాలి నా దగ్గరికి వచ్చింది. మా ఊరికి అర మైలు దూరంలో ఉన్న తండా ఆమెది. ఇరవై ఏళ్లుగా పెద్దనాయన ఇంట్లో పాలు పోస్తోంది. మొగుడు పోయాడు, ఉన్నది ఒక్కతే కూతురు మీరా. ఆమెను బూర్గంపాడు అవతల గోదావరి గట్టున ఒక ఊరికి, రాజు అనే అబ్బాయికి ఇచ్చింది. మీరాకు మొదటి కడుపు నాలుగో నెలలోనే పోయింది. ఇప్పుడు మళ్లీ తొమ్మిదో నెల. బుధవారం మంచిదని, ఆ రోజు పుట్టింటికి తీసుకురావాలని అనుకున్నారు.

"బుధవారం దాకా ఎందుకు ద్వాలక్కా, ఆటో మాట్లాడుకొని రేపే తెచ్చుకో" అన్నాను.

"అల్లుని తరపోల్లు బుధారమే అన్నరమ్మా. గోదారి చూస్తే నాకు గుబులైతాంది. నా బిడ్డ పేరు ఒక సీటీ మీద రాయి. పెద్దయ్య సదువుతడు."

మందు బిళ్లలు వేసిచ్చే చిన్న కవరు తీసి, దాని మీద రాయబోతూ అడిగాను. "ఏమని రాయాలె?"

"మీరా సల్లగుండాలె అని రాయి. గంతే."

"కడుపుల బిడ్డ గురించి కూడ రాయనా?"

ఆమె చటుక్కున నా చేతి మీద చేయి వేసింది. "అద్దమ్మా. నేల మీద పడని బిడ్డ ముచ్చట ఎత్తొద్దు. దిష్టి తగుల్తది."

ఆమె భయం నాకు తెలుసు. ఒకసారి చేతికందక ముందే పోయిన ఇల్లది. చెప్పినంతే రాసి, చీటీ తీసుకెళ్లి పెద్దనాయన చేతిలోనే పెట్టాను. చదివి చొక్కా జేబులో వేసుకున్నాడు.

ఆదివారం వాన ఇంకా పెరిగింది. కరెంటు లేదు, మైకు లేదు. మామూలు రోజుల్లో చర్చి మైకు తండా దాకా వినపడుతుంది. ఆ రోజు చివరి బెంచీ దాకా వినపడటమే కష్టమైంది. పాతిక మందిమి ఉన్నాం. పెద్దనాయన లేచి శ్రీలంక ప్రజల కోసం చదివాడు. జపాన్ కోసం, అమర్‌నాథ్ యాత్రికుల కోసం, ఉక్రెయిన్ కోసం చదివాడు. నాలుగూ అయ్యాయి. నేను ఐదో దాని కోసం చూస్తూ ఉన్నాను. ఆయన కాగితం మడిచి వచ్చి కూర్చున్నాడు.

పూజ కాగానే వరండాలో పట్టుకున్నాను. "పెద్దనాయనా, ద్వాలక్క చీటీ ఏది?"

"నాలుగే అన్నడు గద ఫాదరు. మాట ఇచ్చిన."

"నాలుగిట్ల ఒకటి తీసేసి చదవొచ్చు గద!"

"ఏది తియ్యాలె? నువ్వే చెప్పు. జపానాయనను మొన్ననే సంపిన్రు, వచ్చే వారం చదివితే ఏం ఫాయిదా? గోదారి అంటవా, ఏటా వస్తది, పోతది. మీరా పేరు వచ్చే ఆదివారం మొదట్లనే చదువుతా. నేనేమన్న పారేసిన్నా? గిదో, జేబులనే ఉన్నది."

గొడుగు విప్పుతున్న పెద్దమ్మ అందుకుంది. "తల్లికి కూడు పెట్టనోడు పినతల్లికి చీర పెడతనన్నడంట. గట్లున్నది నీ యవ్వారం."

"నీకేం తెల్వది, నడు" అని ఆమె మీద కసిరి వానలో దిగిపోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అయినా పెద్దవాడు కదా అని ఊరుకున్నాను. ఊరుకోవడం మా ఇంట్లో మర్యాద కింద లెక్క.

సోమవారం పొద్దున ద్వాలి పాల క్యాన్‌తో తడుస్తూ వచ్చి సబ్‌సెంటర్ మెట్ల దగ్గర నిలబడింది. "సదివిండా నర్సమ్మా?"

నేను తల ఊపాను. ఆమె మొహం చూసి లేదని చెప్పలేకపోయాను. బుధవారం ఎలాగూ కూతురు ఇంటికి వచ్చేస్తుంది, ఈ ఒక్క రెండు రోజులు ధైర్యంగా ఉంటే పోయేదేముంది అనుకున్నాను. ఆమె కళ్లు మూసుకుని రెండు చేతులూ నుదుటికి ఆనించుకుని వెళ్లిపోయింది.

ఆ బుధవారానికి దారులు లేవు. వాగులన్నీ రోడ్ల మీద ఉన్నాయి. గురువారం భద్రాచలం వంతెన మీద రాకపోకలు ఆపేశారు. అటువైపు ఫోన్లు కలవలేదు. శనివారం పొద్దుటికి నీటిమట్టం డెబ్బై ఒక్క అడుగులు దాటింది. ఎనభై ఆరు తర్వాత గోదావరికి అంత నీళ్లు మళ్లీ ఇదే రావడం అన్నారు. శ్రీలంక అధ్యక్షుడు దేశం వదిలి పారిపోయిన వార్త, అంతరిక్షంలోకి పంపిన కొత్త టెలిస్కోపు తీసిన మొదటి ఫోటోలు, అన్నీ ఆ వారమే వచ్చాయి. పేపర్లో వేల నక్షత్రాల రంగుల బొమ్మ వేశారు. మరో వారమైతే పెద్దనాయన ఆ బొమ్మ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాడు. ఈసారి మడత కూడా విప్పలేదు. ద్వాలి రోజూ పాలు పోసి, గడపలో నిలబడి, "టీవీల మా బిడ్డ ఊరు సూపెట్టిన్రా?" అని అడిగేది. ఆయన లేదనేవాడు.

పదిహేడో తారీఖు ఆదివారం ఆయన ఒక్కటే మనవి చదివాడు. గోదావరి గట్టు ఊళ్ల కోసం, మీరా కోసం. ఆ పేరు రెండుసార్లు పలికాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో నేను కళ్లారా చూసింది ఆ రోజే.

అప్పటికే అంతా అయిపోయింది, మాకు తెలియలేదు. శుక్రవారం మీరా ఉన్న ఊళ్లోకి నీళ్లొస్తే ఆమెను పడవలో ఎక్కించి మెరక మీద ఉన్న బడికి చేర్చారట. దవాఖానాకు పోయే తోవంతా నీళ్లే. పడవ దిగిన గంటకు బడి వరండాలో చీరలు అడ్డం కట్టి కాన్పు చేశారు. మగపిల్లవాడు. ఏడవలేదు. ఒక ముసలమ్మ ఎంతసేపో వీపు తట్టి చూసిందట. నెత్తురు చాలా పోయినా మీరా బతికింది.

దారులు తెరుచుకున్నాక బుధవారం నాడు రాజు ఆమెను తండాకు తెచ్చి దించాడు. శుక్రవారం పొద్దున పెద్దనాయన ఇంట్లో ఆయనకు బీపీ చూస్తున్నాను. ద్వాలి వచ్చింది. పాలు పోసి, క్యాన్ కింద పెట్టి, ఆయన కాళ్లకు దండం పెట్టింది.

"నువ్వు సదివినవ్ పెద్దయ్యా, నా బిడ్డ నాకు దక్కింది. సీటీల రాసిన పేరుకు ఏం గాలే. పసిగుడ్డునే రాయించలే నేను. నర్సమ్మ అడిగింది గూడ, రాయనా అని. నేనే అద్దన్న. నా నోటితోనే అద్దన్న."

పెద్దనాయన చేతికి కట్టిన పట్టా బిగిసి ఉంది. గాలి వదలడం నేను మరిచిపోయాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం తండాకు పోయి మీరాను చూశాను. జ్వరం లేదు, నెత్తురు తగ్గింది. పాలు గడ్డకట్టి రొమ్ములు నొప్పి పెడుతుంటే గోడ వైపు తిరిగి పడుకుంది. "అమ్మ అన్నం తింటలేదు నర్సమ్మా" అంది. "పొద్దుమాపు గదే మాట. నేను అద్దన్న, నేను అద్దన్న అంటది. నేను ఎంత చెప్పినా ఇంటలేదు." ద్వాలి పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. వారం రోజుల్లో సగానికి సగం అయిపోయింది. దవడ ఎముకలు బయటికొచ్చాయి. నేను ఆమె నాడి చూశాను, ఓఆర్ఎస్ కలిపి ఇచ్చాను. ఆ నిమిషంలోనే నిజం చెప్పేయాల్సింది.

తిన్నగా పెద్దనాయన దగ్గరికే వచ్చాను. "ఆమెకు చెప్పాలె. చదవలేదని చెప్పాలె."

"చెప్తే ఏమైతది? ఉన్న నమ్మకం గూడ పోతది."

"నమ్మకం ఉండే ఆమె సచ్చిపోతాంది!"

ఆయన కోపంగా లేచాడు. నలభై ఏళ్లలో ఒక్క చీటీ తప్పలేదన్నాడు. ఊళ్లో తన మొహం ఎట్లా చూపించుకోవాలన్నాడు. నువ్వు కూడా తల ఊపినవ్ గద అన్నాడు. చివరి మాట నిజం కాబట్టి నాకు ఏడుపొచ్చింది. పెద్దమ్మ ఇద్దరి ముందూ అన్నం పెట్టి, తను లోపలికి పోయి పడుకుంది.

ఇరవై నాలుగో తారీఖు ఆదివారం. ఇంగ్లండులో ఎన్నడూ లేని ఎండలు, యుద్ధంలో ఆగిపోయిన గోధుమ ఓడల మీద ఒప్పందం, కొత్తగా వచ్చిన మశూచి లాంటి జబ్బు. వాటి మీద మనవులు రాసుకునే వచ్చాడు. మైకు ముందు నిలబడి ఆ కాగితం చాలాసేపు చూశాడు. తర్వాత దాన్ని జేబులో పెట్టుకుని, అచ్చు పుస్తకం తీసి అందులో ఉన్నవి చదివాడు. కుర్రాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మర్నాడు పది గంటలప్పుడు సబ్‌సెంటర్ ముందుకొచ్చి నిలబడ్డాడు. చెప్పులు లేవు. "పద" అన్నాడు. ఎక్కడికని నేను అడగలేదు.

ఆ రోజు ఒక ఆదివాసీ మహిళ మొట్టమొదటిసారి దేశానికి రాష్ట్రపతిగా ప్రమాణం చేస్తోంది. తండాలో టీవీ ఉన్న ఇంటి ముందు ఆడవాళ్లూ పిల్లలూ గుంపుగా నిలబడి చూస్తున్నారు. పెద్దనాయన తల తిప్పకుండా వాళ్లను దాటి నడిచాడు.

ద్వాలి మీరాకు పథ్యం వండి గిన్నె దించుతోంది. మమ్మల్ని చూసి మంచం వాల్చింది. ఆయన కూర్చోలేదు.

"ద్వాలమ్మా, ఆ ఆదివారం నీ చీటీ నేను చదవలే."

ఆమెకు అర్థం కాలేదు. "ఏ ఆదివారం?"

"కరెంటు పోయిన నాడు. గోదారి రాక ముందట. నీ బిడ్డ పేరు నా జేబుల్నే ఉన్నది. తీసి చదవలే."

"సదివిండని నర్సమ్మ అన్నది."

"అబద్ధం చెప్పిన ద్వాలక్కా" అన్నాను. "నువ్వు భయపడతవని తలూపిన. తప్పు చేసిన."

ఆమె నన్ను చూసింది. చేతిలో మసిగుడ్డ అట్లాగే ఉంది. తర్వాత ఆయన వైపు తిరిగింది.

"మరి గా నాడు ఎవరి పేర్లు సదివినవ్?"

ఆయన దాచలేదు. శ్రీలంక, జపాన్, అమర్‌నాథ్, ఉక్రెయిన్, ఒక్కొక్కటే చెప్పాడు. ఆమె ఒక్కోదానికీ తల ఆడిస్తూ విన్నది.

"ఆల్లు నీకేమైతరు?"

"ఏం కారు."

"నేనేమైత?"

టీవీ ఉన్న ఇంటి దగ్గర చప్పట్లు కొడుతున్నారు. ఆమె ఆ చప్పట్లు ఆగేదాకా జవాబు కోసం చూసింది. రాలేదు.

"అంటే నా బిడ్డను గురించి దేవునికి ఎవ్వరు చెప్పలే."

"అవ్. ఎవ్వరం చెప్పలే."

"చెప్పకున్నా అది బతికింది."

"అవ్."

"గట్లయితే..." ఆమె ఆగిపోయింది. "గట్లయితే పసిగుడ్డు పోయింది నేను పేరు రాయించక గాదు."

"గాదు ద్వాలమ్మా. నీ వల్ల గాదు. నీ వల్ల ఏమీ గాదు."

ఆమె గుమ్మం వైపు తిరిగి వాళ్ల భాషలో గట్టిగా ఏదో చెప్పింది. రెండు మూడు మాటలే. లోపల మీరా ఏడుపు మొదలైంది. వచ్చిన దగ్గర్నుంచి ఆ పిల్ల గొంతెత్తి ఏడవడం అదే మొదలు. నేను లోపలికి పోబోతే ద్వాలి చేయి అడ్డం పెట్టింది. పెద్దనాయన కూడా ఏడుస్తున్నాడు, తుడుచుకోకుండా, చంటిపిల్లాడి మాదిరిగా.

"ఈడ ఏడ్వకు పెద్దయ్యా" అంది ద్వాలి. గొంతులో కోపం కూడా లేదు. "ఏడ్సుడు మా వంతు."

ఆయన రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

ఆమె లోపలికి పోయి కూతురి దగ్గర చాలాసేపు ఉండి వచ్చింది. గిన్నెలోంచి అన్నం కంచంలో పెట్టుకుంది. ఉప్పు, కాసింత కారం వేసి కలిపి, నేల మీద కూర్చుని తినడం మొదలుపెట్టింది. మొదటి ముద్ద గొంతు దిగక నీళ్లు తాగింది. మళ్లీ కలిపింది. మా వైపు చూడలేదు, పొమ్మనీ అనలేదు. ఆమె తినడం అయ్యేదాకా మేమిద్దరం అక్కడే నిలబడ్డాం.